పడవను వెనక్కి లాగేది చల్లటి నీళ్లా.. అడుగున పట్టిన పాచా? అసలు లెక్క ఇదీ!

ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని జోలాపుట్ రిజర్వాయర్, దాని దిగువన సీలేరు నది.. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో ఈ నీళ్ల పక్కనున్న గూడేల్లో చాలామందికి నాటు పడవే బస్సు, అదే అంబులెన్స్. సంతకు వెళ్లాలన్నా, రోగిని అవతలి ఒడ్డుకు చేర్చాలన్నా తెడ్డే దిక్కు. కానీ తెడ్డు వేసే మనిషి ఒకరే అయినా ఒక పడవ సులువుగా సాగిపోతుంది.. ఇంకోటి మొరాయిస్తుంది. ఎందుకిలా?

చలికి నీళ్లు చిక్కబడతాయా?

నిజమే, చిక్కబడతాయి. ద్రవం పారకుండా లోపలి నుంచి అడ్డుపడే గుణాన్ని స్నిగ్ధత అంటారు. తేనెకు ఎక్కువ, నీళ్లకు తక్కువ. 30 డిగ్రీలున్న నీళ్లు 15 డిగ్రీలకు చల్లబడితే స్నిగ్ధత 40 శాతానికి పైగా పెరుగుతుంది.

అలాగని తెడ్డు వేయడం 40 శాతం కష్టం కాదు. 6 మీటర్ల నున్నటి పడవ మనిషి నడక వేగంతో వెళ్తోందనుకుందాం. నౌకా ఇంజినీర్లు వాడే సూత్రంతో లెక్కేస్తే ఘర్షణ పెరిగేది సుమారు 6 శాతమే. ఎందుకంటే పడవ పక్కన నీళ్లు చిన్న చిన్న సుడులుగా తిరుగుతుంటాయి. మన శక్తి ఎక్కువగా ఆ సుడులకే ఖర్చవుతుంది.

మరి వానాకాలం ఎర్రనీళ్ల సంగతేంటి? నీళ్లలో 1 శాతం మేర మట్టి కలిసినా స్నిగ్ధత పెరిగేది 2.5 శాతం దాకానే. వరదలో పడవ కదలకపోతే తప్పు బురదది కాదు.. ఎదురు ప్రవాహానిది.

అసలు దొంగ అడుగునే..

పడవ చెక్కను ఆనుకుని ఒక పల్చటి నీటి పొర ప్రశాంతంగా ఉంటుంది. దాని మందం ఇంచుమించు తల వెంట్రుకంత. గరుకు ఈ పొరలో దాగిపోతే నష్టం లేదు. కానీ పాచి, బాడిశ గాట్లు, పైకి లేచిన మేకులు, గడ్డకట్టిన తారు ఆ పొరను దాటి బయటికొస్తాయి. దాంతో సుడులు పెరిగి పడవ బరువెక్కినట్టు అనిపిస్తుంది.

1870ల్లోనే ఇంగ్లండ్ ఇంజినీర్ విలియం ఫ్రౌడ్ దీన్ని తేల్చారు. వార్నిష్ వేసిన పలకలను, ఇసుక అంటించిన పలకలను నీళ్లలో లాగి చూశారు. ఇసుక పలకలకు నిరోధం దాదాపు రెట్టింపైంది.

ఏం చేయాలి?

నీళ్ల చల్లదనం మన చేతుల్లో లేదు. పడవ అడుగు మాత్రం మన చేతుల్లోనే ఉంది. అప్పుడప్పుడూ ఒడ్డుకు లాగి ఆరబెట్టి, పాచి గీకి, గాట్లు నున్నగా చేస్తే చాలు.. అదే తెడ్డుకు పడవ ఎక్కువ దూరం వెళ్తుంది.

బరువూ ముఖ్యమే. మనుషులు ఎక్కువైతే పడవ ఇంకా కిందికి దిగుతుంది. తడిసే చెక్క పెరిగి ఘర్షణా పెరుగుతుంది. అంచుకీ నీళ్లకీ మధ్య ఎడం తగ్గి చిన్న అలకే నీళ్లు లోపలికొస్తాయి. 2021 మేలో సీలేరులో వలస కూలీల నాటు పడవలు బోల్తాపడి ప్రాణాలు పోయిన ఘటనను మన్యం ఇంకా మర్చిపోలేదు. అందుకే పడవ నున్నగా ఉన్నా సరే.. పరిమితికి మించి ఎక్కించొద్దు.