వెయ్యిలో కారుని మెరిపిద్దామా!
సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక నా చేతిలో మిగిలింది వెయ్యి రూపాయలే. అందుకే పాలిష్ జోలికి పోలేదు. దుమ్ముని పొడిగుడ్డతో రుద్దితేనే పెయింట్ మీద సన్నగీతలు పడతాయి. సో, డబ్బులన్నీ మైక్రోఫైబర్ గుడ్డలకీ, కారు షాంపూకే పెట్టా. గుడ్డ ప్యాకెట్ మీద 300 జీఎస్‌ఎమ్ పైన ఉందో లేదో చూసుకోండి. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు, ఉన్న వ్యాక్స్‌ కూడా పోతుంది. బకెట్లు రెండు ఇంట్లోవే: ఒకటి షాంపూ నీళ్లకి, ఇంకోటి గుడ్డ జాడించడానికి. చక్రాలకి పాత టీషర్టు చాలు, దాన్ని మళ్లీ బాడీకి వాడొద్దు. బోరునీళ్లయితే ఆరకముందే తుడిచేయాలి, లేదంటే తెల్లమచ్చలు మిగులుతాయి. వ్యాక్స్ వచ్చే నెల కొనుక్కోవచ్చు. గీతలు పోవాలంటే మాత్రం పెయింట్‌నే పైపైన అరగదీయాలి.. ఆ ఖర్చు మన బడ్జెట్‌లో లేదు కదా!