బడి ఫొటోలే బతుకుతెరువు

పాఠశాలల ఛాయాగ్రహణంలో ఉపాధి.. మెలకువే అసలు పెట్టుబడి

నరసరావుపేట: పదో తరగతి పరీక్ష రుసుము గడువు దగ్గర పడుతోందంటే ఉన్నత పాఠశాలల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. వరండా గోడకు తెల్లటి వస్త్రం కట్టి ఉంటుంది. దాని ముందు ఒక స్టూలు. తలకు నూనె రాసుకుని, ఒకే దువ్వెనను చేతులు మార్చుకుంటూ విద్యార్థులు బారులు తీరతారు. ఒక్కొక్కరికి అర నిమిషం. ఈ అర నిమిషాల మీదే ఏడాదిలో సగం కాలం వెళ్లదీసే ఫొటోగ్రాఫర్లు చిన్న పట్టణాల్లో ఎందరో ఉన్నారు.

పెళ్లి ఫొటోలు తీసేవారికి ఉన్న పేరు, డ్రోన్లు, ఆల్బంల ఆర్భాటం వీరికి లేవు. అయితే పెళ్లిళ్లకు ముహూర్తాలు కావాలి. మూఢమో, ఆషాఢమో వచ్చిందంటే కెమెరా బీరువాలోకి వెళ్తుంది. బడికి ముహూర్తంతో పని లేదు. జూన్‌లో గుర్తింపు కార్డులు, ఆగస్టు 15 వేడుకలు, సెప్టెంబరు 5న గురుపూజోత్సవం, నవంబరు 14న బాలల దినోత్సవం, ఆ వెనుకే పదో తరగతి దరఖాస్తులు, జనవరి 26, ఆపై వార్షికోత్సవాలు, వీడ్కోలు సభల గ్రూపు ఫొటోలు.. ఏదో ఒక పని ఉంటూనే ఉంటుంది. వేసవిలో బడులు మూతపడే నాటికి పెళ్లిళ్లు ఎదురొస్తాయి. అందుకే ఈ రంగంలో నిలదొక్కుకున్నవారిలో చాలామంది రెండు పనులూ చేస్తారు.

అమెరికాలో బడి ఫొటోల కోసమే ప్రత్యేక సంస్థలు ఉన్నాయి. 1936లో పుట్టిన లైఫ్‌టచ్ వాటిలో పెద్దది. అక్కడ స్థిరపడిన మనవాళ్లు తాతయ్య, అమ్మమ్మలకు పంపే మనవల బడి ఫొటోలు ఇలాంటి సంస్థలు తీసినవే. మన దగ్గర మాత్రం ఇది ఇప్పటికీ ఊరి స్టూడియో పనే.

లెక్క చూసుకుని దిగాలి

ఉదాహరణకు 300 మంది చదివే ప్రైవేటు పాఠశాలలో గుర్తింపు కార్డుకు రూ.40 చొప్పున ఒప్పందం కుదిరిందనుకుందాం. మొత్తం రూ.12 వేలు. కార్డు ముద్రణకు, ట్యాగుకు, కవరుకు కలిపి రూ.22 అయితే రూ.6,600 ఖర్చు. మిగిలేది రూ.5,400. ఇందులోనే సహాయకుడి కూలి ఉంది. ఫొటోలు తీసిన రోజున రాని పిల్లల కోసం మరో రెండుసార్లు వెళ్లే పెట్రోలు ఉంది. అక్షర దోషాలు దొర్లి మళ్లీ ముద్రించే కార్డులు ఉన్నాయి. రెండు రాత్రులు కంప్యూటరు ముందు కూర్చున్న కష్టానికి విలువ కట్టేవారు లేరు. ఒక్క బడితో ఇల్లు గడవదు. పది, పదిహేను బడులు చేతిలో ఉంటేనే దీన్ని వృత్తి అనుకోవాలి.

పైగా సొమ్ము చేతికందడం వేరే కథ. విద్యార్థుల నుంచి జూన్‌లోనే వసూలు చేసి, ఫొటోగ్రాఫరుకు సంక్రాంతి దాటాక ఇచ్చే యాజమాన్యాలు ఉన్నాయి. వసూలైన మొత్తంలో వాటా అడిగేవీ ఉన్నాయి. అనుభవజ్ఞులు ముద్రణ ఖర్చుకు సరిపడా బయానా ముందే పుచ్చుకుంటారు. ఎన్ని కార్డులు, ధర ఎంత, ఎప్పటికి అందజేయాలి, పొరపాటుకు బాధ్యత ఎవరిది అనే నాలుగు ముక్కలు కాగితం మీద రాయించుకుంటారు. తెలిసిన మాస్టారే కదా అని మొహమాటపడినవారే ఎక్కువగా నష్టపోతున్నారు.

పేరు తప్పితే పరీక్షకే చేటు

ఈ పనిలో ఫొటో బాగా రావడం కన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఎవరి ముఖం పక్కన వారి పేరే ఉండాలి. వినడానికి తేలిక. ఒకే తరగతిలో ఇద్దరు లక్ష్మీప్రసన్నలు, ముగ్గురు వెంకటేశ్‌లు ఉంటే తెలుస్తుంది.

కొన్నేళ్ల క్రితం ఈ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో ఇలాగే జరిగింది. ఒకే పేరున్న ఇద్దరు బాలికల ఫొటోలు పరీక్ష దరఖాస్తుల్లో తారుమారయ్యాయి. ప్రధానోపాధ్యాయుడు నామినల్ రోల్స్‌ను చివరిసారి సరిచూస్తుండగా బయటపడింది కనుక సరిపోయింది. అదే తప్పు హాల్‌టికెట్ వరకూ వెళ్లి ఉంటే పరీక్ష కేంద్రం గుమ్మంలో ఆ పిల్లల పరిస్థితి ఏమిటి? ఫొటోలు తీసిన వ్యక్తికి మరుసటి ఏడాది ఆ బడి పని దక్కలేదు.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. హాజరు పట్టిక వరుసలోనే పిల్లలను పిలవాలి. ప్రవేశ సంఖ్య రాసిన చీటీని చేతికిచ్చి ఒక ఫొటో, చీటీ తీసేసి మరొకటి తీయాలి. ఫైలుకు పేరు బదులు ప్రవేశ సంఖ్యనే పెట్టాలి. ఒక తరగతిలో రెండు పేర్లు కలవొచ్చు గానీ రెండు సంఖ్యలు కలవవు. తర్వాత ముఖం, పేరు, సంఖ్య పక్కపక్కన ఉండేలా ఒక నమూనా కాగితం ముద్రించి, తరగతి ఉపాధ్యాయుడితో సరిచూయించి సంతకం తీసుకోవాలి. ఆ సంతకం తర్వాతే అసలు ముద్రణ. ఆన్‌లైన్ దరఖాస్తులకు ఇచ్చే ఫొటోలు అడిగిన కొలతల్లో, అడిగిన కిలోబైట్లలోపే ఉండాలి.

గ్రూపు ఫొటో ఒక విద్య

ఈ విలేకరి పదో తరగతి గ్రూపు ఫొటోలో మూడో వరుసలో కళ్లు మూసుకుని ఉన్నాడు. రీలుకు 36 ఫొటోలే వచ్చే రోజులు కావడంతో ఆ ఫొటోగ్రాఫరు ఒకసారి నొక్కి సరిపెట్టాడు. ఇప్పుడు ఆ పొదుపు అవసరం లేదు. యాభై మంది ఉన్నచోట ఎవరో ఒకరు రెప్ప వేస్తారు. కనీసం ఆరేడు ఫొటోలు తీసి, అందులోంచి మంచిదాన్ని ఎంచుకోవాలి.

స్థలం ఎంపికలోనే సగం పని పూర్తవుతుంది. ఎండకు ఎదురుగా నిలబెడితే పిల్లలు కళ్లు చికిలిస్తారు. చెట్టు కిందైతే ఆకుల సందుల్లోంచి పడే వెలుగు ముఖాల మీద మచ్చలుగా కనిపిస్తుంది. భవనం నీడ పరుచుకున్న చోటు, అదీ ఉదయం వేళ, అన్నిటికన్నా మేలు. పొట్టివారు ముందు, పొడగరులు వెనుక బెంచీలపైన. వెనుక వరుసలోని తల ముందు వరుసలోని ఇద్దరి మధ్య సందులో కనిపించాలి. వరుసను కొంచెం విల్లులా వంచితే చివరన ఉన్నవారి ముఖాలు కూడా స్పష్టంగా వస్తాయి. కెమెరాను స్టాండుపై బిగించి, అపర్చర్ ఎనిమిది దగ్గర ఉంచితే మూడు నాలుగు వరుసలు తేటగా పడతాయి.

కొత్తవారిని మోసం చేసేవి తెల్ల చొక్కాలు. అన్నీ తెల్లగా ఉంటే వెలుతురు ఎక్కువగా ఉందని కెమెరా పొరబడుతుంది. ఫొటోలో చొక్కాలు బూడిద రంగుకు తిరుగుతాయి, ముఖాలు నల్లబడతాయి. కాంతిని కాస్త పెంచి తీయాలి. ముఖాన్ని చూసి వెలుతురు సరిచేయాలే తప్ప చొక్కాను చూసి కాదు. ఇక ముందు వరుస కుర్చీల్లో ఏ మాస్టారు ఎక్కడ కూర్చోవాలన్నది ఫొటోగ్రాఫరు తేల్చే విషయం కాదు. దాన్ని ప్రధానోపాధ్యాయుడికి వదిలేయడమే క్షేమం.

అనుమతి తప్పనిసరి

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ బాలలుగానే పరిగణిస్తోంది. వారి వివరాలను వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. అందంగా వచ్చింది కదా అని ఒక బాలిక ఫొటోను స్టూడియో అద్దాల మీద అంటించడం, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం ఇకనైనా మానుకోవాలి. ఫొటోల ఫైళ్లను పాఠశాలకు తప్ప మరెవరికీ ఇవ్వరాదు. చిత్రీకరణ వేళ ఒక ఉపాధ్యాయిని దగ్గర ఉండేలా కోరడం ఫొటోగ్రాఫరుకే రక్షణ. పిల్లల చొక్కా కాలరు సరిచేయాలన్నా వారితోనే చేయించాలి.

అడుగుపెట్టేదెలా?

పట్టా కావాలనుకునేవారికి హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఫొటోగ్రఫీని కోర్సుగా బోధిస్తోంది. బడి ఫొటోలకు మాత్రం పట్టా కన్నా ఒక స్టూడియోలో ఏడాది పాటు సహాయకుడిగా ఉండటమే ఎక్కువ ఉపకరిస్తుంది. మొదట్లో వాడిన కెమెరా, ఒక మంచి లెన్సు, ఫ్లాష్, స్టాండు, కంప్యూటరు చాలు. కార్డులను బయట ముద్రించుకోవచ్చు. 2015లో ప్రారంభమైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద రూ.50 వేల వరకు, కిశోర్ కింద రూ.5 లక్షల వరకు పూచీకత్తు లేని రుణాలు ఉన్నాయి. అందుకు బ్యాంకు గుమ్మం ఎన్నిసార్లు ఎక్కాలన్నది దరఖాస్తు చేసుకున్నవారే చెప్పాలి.

సెల్‌ఫోన్ల దెబ్బ ఈ పనిపైనా పడింది. వేడుకల ఫొటోలను ఉపాధ్యాయులే తీసేసుకుంటున్నారు. ఆ రాబడి తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. వందల ముఖాలను తప్పు లేకుండా, గడువులోగా కార్డులుగా మార్చి ఇచ్చే పని, యాభై మందిని ఒక్క చట్రంలో స్పష్టంగా నిలిపే పని మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయి.

మరొకటి, పాత ఫొటోలు. తీసిన ప్రతి బడి గ్రూపు ఫొటోనూ సంవత్సరాల వారీగా రెండు హార్డ్‌డిస్కుల్లో దాచుకునేవారికి పూర్వ విద్యార్థుల సమ్మేళనాల సమయంలో కబురు వస్తుంది. కూలి పనులకు వలస తిరిగే కుటుంబాల పిల్లలకు చిన్ననాటి ఫొటో అంటూ ఉంటే అది బడిలో తీసినదే కావచ్చు. పట్టణంలోని ఒక స్టూడియోకు ఆ మధ్య ఒక తల్లి వచ్చింది. ప్రమాదంలో పోయిన కుమారుడి ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదంది. బడి పేరు, పదో తరగతి చదివిన ఏడాది చెప్పింది. యజమాని పాత డిస్కులో వెతికి, రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగో ముఖాన్ని పెద్దది చేసి, పటం కట్టి ఇచ్చాడు.