హెర్ట్జ్‌ పెరిగితే చూపు తగ్గుతుందా?

వీఆర్‌ హెడ్‌సెట్ల పెట్టెపై అంకెల వెనుక అసలు లెక్క

వర్చువల్‌ రియాలిటీ హెడ్‌సెట్‌ కొనబోయే వారికి పెట్టెపై రెండు అంకెలు ప్రముఖంగా కనిపిస్తాయి. మొదటిది రిఫ్రెష్‌ రేటు. తెరపై బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో తెలిపే ఈ లెక్కను హెర్ట్జ్‌లలో చెబుతారు. రెండోది వీక్షణ పరిధి. తల కదపకుండా ఎంత మేర దృశ్యం కంటికి ఆనుతుందో ఇది డిగ్రీలలో సూచిస్తుంది. రెండూ ఎక్కువగా ఉన్నదే మేలని భావించి వేలకు వేలు వెచ్చించిన వారు, ఒకటి పెంచబోతే మరొకటి తగ్గించుకోవలసి రావడంతో పరికరమే పాడైందని అనుమానించే అవకాశం ఉంది.

నిజానికి ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదు. వీక్షణ పరిధిని నిర్ణయించేవి కటకం, తెర వెడల్పు, కంటికీ కటకానికీ మధ్య ఉండే దూరం. కళ్లద్దాలు ధరించే వారు కటకానికి కాస్త ఎడంగా ఉండక తప్పదు కనుక అదే పరికరంలో వారికి దృశ్యం కొంత తక్కువగా కనిపిస్తుంది. హెర్ట్జ్‌ ఎంత మార్చినా కటకం మారదు. మరి చిక్కు ఎక్కడ?

ఒకే కాలువ.. రెండు పొలాలు

ఎగువ పొలానికి నీరు ఎక్కువ మళ్లిస్తే దిగువ పొలం ఎండుతుంది. ఇక్కడ కాలువ వంటిది గ్రాఫిక్స్‌ కార్డు శక్తి, తీగ మోయగల సమాచారం. ఈ రెండింటికీ హద్దు ఉంది. 2019లో వాల్వ్‌ సంస్థ విడుదల చేసిన ఇండెక్స్‌ హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి 1440 × 1600 చుక్కల తెర ఉంటుంది. రెండూ కలిపితే 46 లక్షల పైచిలుకు. 90 హెర్ట్జ్‌ వద్ద సెకనుకు సుమారు 41 కోట్ల చుక్కలు, 144 హెర్ట్జ్‌ వద్ద 66 కోట్ల చుక్కలు తెరకు చేరాలి. ఒక్కో బొమ్మ గీసేందుకు దొరికే వ్యవధి 11.1 మిల్లీసెకన్ల నుంచి 6.9కు పడిపోతుంది.

పరిధి పెంచితే భారం ఇంకా ఎక్కువ. 90 డిగ్రీలను 120కి పెంచాలంటే బొమ్మ వెడల్పు మూడో వంతు పెంచితే చాలుననిపిస్తుంది. చాలదు. చదునైన చిత్రంగా గీసే పద్ధతిలో మధ్యభాగం స్పష్టత చెడకుండా ఉండాలంటే వెడల్పు 73 శాతం పెరగాలి. 160 డిగ్రీలకైతే అయిదున్నర రెట్లు దాటుతుంది. అందుకే తయారీదారులు రెండు తెరలను చెవుల వైపు వాలుగా అమర్చి ఈ భారాన్ని కొంత తగ్గిస్తున్నారు. 200 డిగ్రీల పరిధి ఇస్తామంటూ 2017లో కిక్‌స్టార్టర్‌ ద్వారా 42 లక్షల డాలర్లకు పైగా సేకరించిన చైనా సంస్థ పైమాక్స్‌కూ ఈ లెక్క తప్పలేదు. 90 హెర్ట్జ్‌ అని ప్రకటించిన దాని 8కె నమూనా చివరకు 80 వద్ద ఆగింది. తమ కంప్యూటర్‌ శక్తిని బట్టి పరిధిని కుదించుకునే వీలును ఆ సంస్థ సాఫ్ట్‌వేర్‌లోనే కల్పించింది.

అంచుల్లో నల్లని పట్టీ

గడువులోగా కొత్త బొమ్మ సిద్ధం కాకపోతే హెడ్‌సెట్‌ పాత బొమ్మనే తల తిరిగిన వైపునకు జరిపి చూపుతుంది. గీయని భాగం అంచున నల్లగా బయటపడుతుంది. సెకనుకు 200 డిగ్రీల వేగంతో తల తిప్పారనుకుంటే, సెకనుకు 90 బొమ్మలు వస్తున్నప్పుడు బొమ్మకూ బొమ్మకూ మధ్య తల 2.2 డిగ్రీలు కదులుతుంది. 45 బొమ్మలే వస్తే 4.4 డిగ్రీలు. చూపు నిజంగా తరిగిపోయేది ఇలాంటి వేళల్లోనే. దీనికి కారణం హెర్ట్జ్‌ పెరగడం కాదు, ఆ వేగాన్ని కంప్యూటర్‌ అందుకోలేకపోవడం.

కంటి కొసకే చురుకు

హెర్ట్జ్‌ తగ్గించి పరిధి పెంచుకుందామంటే అదీ అంత సులువు కాదు. పాత గాజు గొట్టపు కంప్యూటర్‌ తెరను సూటిగా చూస్తే నిలకడగా, ఓరగా చూస్తే మిణుకుమిణుకుమంటూ కనిపించేది. మిణుకును పసిగట్టడంలో కంటి కొసలకు చురుకెక్కువ. హెడ్‌సెట్‌లో బొమ్మ మసకబారకుండా తెరను ప్రతిసారీ అతి స్వల్ప కాలమే వెలిగించి ఆర్పుతారు. అందువల్ల పరిధి విశాలమయ్యే కొద్దీ అంచుల్లో మిణుకు తెలియకుండా ఉండేందుకు హెర్ట్జ్‌ కూడా ఎక్కువే కావాలి. లేకుంటే కళ్లు అలసిపోతాయి, తలనొప్పి రావచ్చు.

కడుపులో తిప్పడం మరో బాధ. శరీరం కదలకున్నా కంటి కొసల్లో దృశ్యం పరుగులు తీస్తుంటే చెవిలోని సమతుల్య వ్యవస్థకు, చూపునకు పొత్తు కుదరదు. కదలిక సమయంలో పరిధిని నెమ్మదిగా కుదించి తిరిగి విప్పితే ఈ ఇబ్బంది తగ్గుతుందని అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపారు. అదే ఏడాది వచ్చిన గూగుల్‌ ఎర్త్‌ వీఆర్‌లోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. ఆటలో పరుగెత్తగానే చుట్టూ చీకటి కమ్మితే అది లోపం కాదు, కావాలని పెట్టినదే.

కొనేముందు హెడ్‌సెట్‌ పెట్టెతోపాటు ఇంట్లోని కంప్యూటర్‌ గ్రాఫిక్స్‌ కార్డు సామర్థ్యాన్ని కూడా సరిచూసుకోవాలి. ముఖానికి ఆనే దిండును, పట్టీని సర్దుకుని కటకాలను కంటికి దగ్గర చేసుకుంటే చాలామందికి కొన్ని డిగ్రీలు అదనంగా కనిపిస్తాయి. ఇండెక్స్‌లో ఇందుకోసం పక్కనే ఒక మర ఉంది. దానిని తిప్పుకునేందుకు హెర్ట్జ్‌ ఏమాత్రం తగ్గించుకోనక్కర లేదు.