గాలికీ ఒక లెక్క ఉంది

కిటికీకి సంస్కృతంలో వాతాయనమని పేరు. వాతాయనమంటే గాలి నడిచే దారి. గవాక్షమని ఇంకొక పేరు. అంటే ఆవు కన్ను. ఇంగ్లీషువారి ‘విండో’ కూడా పాత నార్స్ భాషలో ‘గాలి కన్ను’ అనే మాట నుంచే పుట్టింది. రెండు దూరదేశాల వారూ కిటికీని తలచుకోగానే మొదట గాలినే తలచుకున్నారన్నమాట. వెలుతురు, వేడుక చూడటం, ఎదురింటి కబుర్లు వినటం అన్నీ ఆ తరువాతివే.

ఇప్పుడు మన ఊళ్ళలో కొత్తగా కట్టే ఇళ్ళను చూడండి. కిటికీలకు తక్కువేమీ లేదు. పెద్దపెద్ద అద్దాలు, జరిగే రెక్కలు, దోమల జాలీలు, వాటిపైన తెరలు. కాని అవి తెరుచుకునే రోజులు తగ్గిపోతున్నాయి. ఆవు కన్ను ఉంది గాని రెప్ప పడిపోయింది.

మెట్‌పల్లి పాత వీధుల్లో డంగుసున్నంతో కట్టిన భవంతి ఇళ్ళు ఇంకా కొన్ని కనబడతాయి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ అర్రలు, పైన గూన పెంకులు. ఆ వాకిట్లో వేడెక్కిన గాలి పైకి పోతుంటే వీధి దర్వాజా నుంచి కొత్త గాలి లోపలికి వచ్చేది. పెంకుల సందుల్లోంచి పొగ పోయేది, ఉక్క పోయేది. ఆ ఇంటికి ఊపిరి ఆడటానికి కరెంటు అక్కరలేదు. అది హాయి అని మాత్రం అనలేము. చలికాలం వణుకు, వానకాలం కారుడు, ఎండాకాలం వడగాలి, అన్నీ ఆ సందుల్లోంచే వచ్చేవి. స్లాబు ఇల్లు రాగానే జనం సంతోషించారంటే తప్పు పట్టటానికి లేదు.

స్లాబు వచ్చాక వేసవి పోరు పడలేక కూలర్లు వచ్చాయి. కూలరును చాలామంది తక్కువగా చూస్తారు గాని, గాలి విషయంలో అది ధర్మరాజు వంటిది. బయటి గాలిని తడిగడ్డి గుండా లాగి చల్లబరచి లోపలికి తోస్తుంది. లోపలి గాలి బయటికి పోవటానికి ఎదుటి కిటికీ తీసి ఉంచాల్సిందే. లేకపోతే గది ఉక్కపోసి కూలరే పనిచేయదు. అంటే చల్లదనం కోరినవారికి కొత్త గాలి ఉచితంగా దొరికేది.

ఏసీ పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే పీల్చి, చల్లబరచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. బయట ఉండే పెట్టె వేడిని పారబోస్తుందే తప్ప గాలిని లోపలికి పంపదు. ఆ రెండు పెట్టెల నడుమ తిరిగేది శీతలద్రవం, గాలి కాదు. తలుపులు మూసి ఏసీ వేసుకుని పడుకున్న కుటుంబం రాత్రంతా ఒకే గాలిని చల్లచల్లగా పీలుస్తూ ఉంటుంది.

ఇది ఎంతవరకు పోతుందో లెక్క వేసి చూద్దాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకోండి. అందులో సుమారు 34 ఘనపు మీటర్లు, అంటే 34 వేల లీటర్ల గాలి ఉంటుంది. నిద్రపోయే పెద్దమనిషి గంటకు సుమారు 11 లీటర్ల బొగ్గుపులుసు వాయువును వదులుతాడు. పిల్లలు ఏడేసి లీటర్లనుకుందాం. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు కలిసి గంటకు 36 లీటర్లు. బయటి గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్ళకు 420 పాళ్ళకు కొంచెం పైగా ఉంటుంది. గదికి చిన్న సందు కూడా లేదనుకుంటే ఒక్కొక్క గంటకు సుమారు వెయ్యి పాళ్ళు పెరుగుతూ పోతుంది. మన తలుపులు అంత బిగుతుగా ఉండవు కనుక అసలు పెరుగుదల కొంత తక్కువే. కాని దారి మాత్రం అదే. గల్ఫ్‌కు పోయిన మన పల్లెల పిల్లలు ఒకే గదిలో ఆరుగురో ఎనిమిది మందో పడుకుంటే ఈ అంకె ఎంత వేగంగా పెరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

జర్మనీలోని మ్యూనిక్ నగరంలో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని 1858లోనే పరిశోధించి చెప్పాడు. గదిలో బొగ్గుపులుసు వాయువు వెయ్యికి ఒక పాలు దాటితే ఆ గాలి మంచి గాలి కాదన్నాడు. ఆ కొద్ది వాయువే విషమని ఆయన అభిప్రాయం కాదు. మనుషుల ఒంటి నుంచి, ఊపిరి నుంచి వచ్చే మిగతా మాలిన్యమంతా ఎంత పేరుకున్నదో చెప్పటానికి అది కొలబద్ద. పొద్దున లేవగానే తల బరువు, గదిలో ముక్క వాసన, ఒక్కరికి జలుబు చేస్తే ఇంటిల్లిపాదికీ అంటుకోవటం, వీటిలో చాలా భాగం గాలి మారని గదికి సంబంధించినవే.

ఇక మన పిల్లలు చాలామంది కాపురం పెట్టిన అమెరికా సంగతి చూద్దాం. కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో పోయి ఆరు నెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రులు చెప్పే మొదటి మాట, “అక్కడ కిటికీలు తియ్యరు” అని. అక్కడ ఇంటికంతటికీ ఒకే యంత్రం ఉంటుంది. ఒకే పెద్ద పంకా గొట్టాల ద్వారా అన్ని గదులకూ చలికాలంలో వేడి గాలి, ఎండాకాలంలో చల్ల గాలి పంపి, మళ్ళీ వెనక్కి లాక్కుంటుంది. 1973లో చమురు కరువు వచ్చాక ఇంధనం ఆదా చేయాలని ఇళ్ళ సందులన్నీ మూయటం మొదలుపెట్టారు. ఖర్చు తగ్గింది, గాలి కూడా తగ్గింది. సందులు పూడ్చినవారే మళ్ళీ గాలికి దారి వెతకవలసి వచ్చింది.

వారు కనిపెట్టిన ఉపాయాలలో ఒకటి చాలా పొదుపైనది. ఇంట్లో పెద్ద పంకా ఎలాగూ ఉంది కదా, అది గాలిని వెనక్కి లాక్కునే గొట్టానికి బయటి నుంచి ఒక చిన్న గొట్టం కలిపారు. పంకా తిరిగినప్పుడల్లా లోపలి గాలితోపాటు కొంత కొత్త గాలిని పీల్చి ఇల్లంతా పంచుతుంది. అమెరికా ప్రభుత్వం ‘బిల్డింగ్ అమెరికా’ పేరిట నడిపిన పరిశోధనలో ఈ పద్ధతిని బాగా పరీక్షించారు. వేరే పంకా లేదు, వేరే గొట్టాల వల లేదు. వినటానికి ఎంతో తేలిక.

చిక్కు ఎక్కడంటే, ఆ పంకా గాలి కోసం తిరగదు, వేడికీ చలికీ తిరుగుతుంది. ఇల్లు కోరిన వేడికి చేరగానే ఆగిపోతుంది. బయట వాతావరణం హాయిగా ఉన్న రోజున దానికి పనే లేదు. కనుక కొత్త గాలీ లేదు. మంచు కురిసే రాత్రి గంటలో నలభై నిమిషాలు తిరుగుతుంది. అప్పుడు అక్కరకు మించి గడ్డకట్టే గాలిని లోపలికి లాగుతుంది. అక్కర ఉన్నప్పుడు పస్తు, అక్కర లేనప్పుడు విందు.

దీన్ని సరిచేయటానికి లెక్క కావలసి వచ్చింది. తాపన, శీతలీకరణ ఇంజనీర్ల సంఘమైన ఆష్రే ఇళ్ళ గాలికి నియమాలు పెట్టింది. 2013 నుంచి ఉన్న సూత్రం ప్రకారం ఇంటి వైశాల్యం చదరపుటడుగుల్లో తీసుకుని నూటికి మూడు చొప్పున కట్టి, పడకగదుల సంఖ్యకు ఒకటి చేర్చి ఏడున్నరతో గుణించి, రెండూ కలపాలి. రెండు వేల చదరపుటడుగుల మూడు పడకగదుల ఇంటికి అరవై, ముప్ఫై కలిసి నిమిషానికి 90 ఘనపుటడుగుల కొత్త గాలి. పంకా గంటకు ఇరవై నిమిషాలే తిరిగితే ఆ ఇరవై నిమిషాల్లోనే మూడింతలు, అంటే నిమిషానికి 270 ఘనపుటడుగులు రావాలి.

ఇక్కడే పండితులు కూడా పొరబడే చోటు ఒకటుంది. జనవరి రాత్రి గంటకు నలభై నిమిషాలు, ఏప్రిల్ ఉదయం సున్న నిమిషాలు తిరిగిందనుకోండి. సగటు తీస్తే ఇరవై నిమిషాలు, కాగితం మీద ఏ లోపమూ లేదు. కాని ఏప్రిల్‌లో ఆ ఇంట్లో ఉన్నవారికి గాలి లేదు. వాగు సగటు లోతు మోకాలి దాకానే అని నమ్మి దిగినవాడు మడుగులో మునిగినట్టే. అందుకే ఏడాదిలోని 8,760 గంటలకూ గంట గంటకూ కంప్యూటర్లో ఇంటి నమూనా నడుపుతారు. ఈ గంట బయట ఎంత చలి, యంత్రం తన పనిమీద ఎన్ని నిమిషాలు తిరిగింది, కొత్త గాలి ఎంత వచ్చింది, ఇరవై నిమిషాలకు ఎంత తక్కువైంది, ఆ తక్కువకు పంకా ఒక్కదాన్నే ఎంతసేపు తిప్పాలి, వచ్చిన గాలి వల్ల యంత్రానికి పని ఎంత పెరిగింది అని చూస్తారు. ఒక్క గంట జవాబు మరుసటి గంటకు ప్రశ్న అవుతుంది.

ఆ లెక్క ఫలితంగా రెండు చిన్న వస్తువులు చేర్చారు. పంకా చాలినంత తిరగకపోతే తిప్పే గడియారపు మీట ఒకటి. చాలినంత గాలి రాగానే బయటి గొట్టాన్ని మూసే రెక్క ఒకటి. వీటితో గాలి సమస్య తీరింది గాని ఖర్చు సమస్య మిగిలింది. పెద్ద పంకా 500 వాట్లు తింటుందనుకుని, గంటకు సగటున పన్నెండు నిమిషాలు గాలి కోసమే అదనంగా తిప్పితే ఏడాదికి 876 యూనిట్లు. అదే 30 వాట్ల చిన్న పంకాను ఏడాది పొడుగునా ఆపకుండా తిప్పినా 263 యూనిట్లే. చిన్న పంకా ఒక్క చోటనే గాలి మారుస్తుంది, పెద్దది ప్రతి గదికీ పంచుతుంది. ఎవరి వాదం వారికుంది. హ్యూస్టన్ వంటి ఉక్కపోత ఊళ్ళలో ఇంకొక తంటా. చల్లబరచటం ఆగాక కూడా పంకా తిరుగుతూ ఉంటే, యంత్రం గాలి నుంచి పిండిన తడిని మళ్ళీ ఇంట్లోకే ఊదుతుంది.

ఇదంతా మెట్‌పల్లికి ఎందుకంటారా? మన ఇళ్ళలో పెద్ద పంకా లేదు, గొట్టాలు లేవు. కాని ఆ లెక్క మనకూ పనికివస్తుంది. పైన చెప్పిన నలుగురి గదిలో వాయువు వెయ్యి పాళ్ళు దాటకుండా ఉండాలంటే గంటకు సుమారు 60 ఘనపు మీటర్ల కొత్త గాలి చాలు. బజారులో దొరికే ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను సాధారణంగా గంటకు 200 ఘనపు మీటర్లకు పైనే తోస్తుంది. అంటే అది గంటలో పదిహేను ఇరవై నిమిషాలు తిరిగితే సరిపోతుంది. తనంతట తాను వేసి ఆర్పే టైమర్ మీట పెట్టుకుంటే రాత్రి లేవనక్కరలేదు. గాలి రావటానికి మాత్రం ఎదుటి వైపు తలుపు కింద సందో, కొద్దిగా తెరిచిన కిటికీయో ఉండాలి. మూసిన సీసాలోంచి గాలి లాగలేము.

“చల్లదనమంతా బయటికి పోతుంది, బిల్లు పేలిపోతుంది” అని ఇంటి యజమాని అభ్యంతరం చెప్పవచ్చు. అదీ లెక్క వేద్దాం. రాత్రి బయట 32 డిగ్రీలు, గదిలో 26 ఉంటే, ఆ 60 ఘనపు మీటర్లను చల్లబరచటానికి ఎనిమిది గంటలకు ఏసీకి అదనంగా పడేది యూనిట్‌లో మూడో వంతు. వానకాలపు తేమ ఉన్నప్పుడు అంతకు చాలా ఎక్కువే పడుతుంది. తేమ లేని రాత్రి పడే ఆ ఖర్చు కంటే ఎక్కువ కరెంటు మనం ఏసీని రెండు మూడు డిగ్రీలు దించి దుప్పటి కప్పుకోవటానికి ఖర్చు చేస్తున్నాం.

ఒక్క హెచ్చరిక మాత్రం మరువరాదు. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవటం, స్నానాల గదిలో గ్యాస్ గీజరు వాడటం వల్ల పుట్టే విషవాయువు వేరు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పితో ఆగదు, ప్రాణం తీస్తుంది. పైగా ఎగ్జాస్ట్ ఫ్యాను పక్కగదిలోని పొగను మన గదిలోకి లాగనూ గలదు. నిప్పు ఉన్న చోట పంకాను నమ్మటం కాదు, నిప్పునే పడకింటికి దూరంగా, ఆరుబయట ఉంచాలి.

ఇల్లు కట్టేటప్పుడు మనం సిమెంటు బస్తాలు లెక్కపెడతాం, ఇనుము తూకం వేస్తాం, వాస్తు అడుగుతాం. పడకగదికి ఒక ఆరంగుళాల రంధ్రం వదలమని మేస్త్రీకి చెప్పటానికి పైసా ఖర్చు లేదు. గోడ లేచాక తొలిపించాలంటే ఖర్చూ ఉంది, దుమ్మూ ఉంది. అన్నం కుండకు ఆవిరి పోయే సందు ఉంచాలని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. పిల్లలు పడుకునే గదికి కూడా అంతపాటి సందు ఉంచితే చాలు.