ఇసుర్రాయి అనే మాట ఎలా దొరుకుతుంది

రాతితో చేసింది, ఇంట్లో ఉంటుంది. ఇంతవరకే చెబితే రోలు, సన్నెకల్లు, నీళ్ల తొట్టి అన్నీ మనసులో మెదులుతాయి. రెండు రాళ్లు, ఒకదాని మీద ఒకటి అనగానే అవన్నీ పక్కకు జరుగుతాయి. మీది రాయి తిరుగుతుంది, కిందిది కదలదు అన్నాక ఇక మిగిలేది ఒక్కటే. ఇసుర్రాయి.

నిర్వచనం (వస్తువును దాని గుణాలతో గుర్తుపట్టేలా చెప్పడం) పనిచేసే తీరు ఇది. మొదటి మాట వస్తువు ఏ గుంపులోదో చెబుతుంది. తర్వాతి మాటలు ఆ గుంపులోంచి కానివాటిని తీసేస్తాయి.

పొడుపు కథ ఇందుకు ఎదురు నడుస్తుంది. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల దీన్ని శాత్రం అంటారు, జవాబు చెప్పడాన్ని ఇప్పడం అంటారు. ఇసుర్రాయినే శాత్రంగా వేయాలంటే ఇలా అనవచ్చు: అక్క కదలదు, చెల్లె ఆగదు, ఇద్దరి నడుమ పడితే పిండే. ఇక్కడ అసలు గుంపును దాచేశాం. వినేవాళ్లు మనుషుల్లో వెతుకుతారు, దొరకదు. అక్కాచెల్లెళ్లను వదిలేసి, ఒకటి కదలనిది, ఒకటి ఆగనిది అన్న వైరుధ్యాన్ని పట్టుకున్నప్పుడే ముడి వీడుతుంది. ఇలా ఒకదానికొకటి ఎదురుపడే వర్ణనలు చాలా పొడుపు కథల్లో ఉంటాయని జానపద పరిశోధకులు రాబర్ట్ జార్జెస్, అలన్ డండెస్ 1963లో చూపించారు.

వస్తువు కళ్లముందు కనబడుతున్నా పేరు రాని సందర్భం ఒకటుంది. నోట్లోనే ఉంది, బయటికొస్తలేదు అంటాం. 1966లో అమెరికాలో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ దీన్ని పరీక్షించారు. 49 అరుదైన ఇంగ్లిష్ మాటల నిర్వచనాలు విద్యార్థులకు చదివి వినిపించి, ఆ మాటేమిటో చెప్పమన్నారు. మాట గుర్తురాని వాళ్లు కూడా దాని మొదటి అక్షరాన్ని, అందులో ఎన్ని పలుకులున్నాయో తరచుగా సరిగ్గానే చెప్పారు. అంటే అర్థం ఒకచోట, శబ్దం మరోచోట ఉంటాయి. అర్థం ముందు దొరుకుతుంది. శబ్దం ముక్కలుముక్కలుగా వస్తుంది. అందుకే బడిలో పిల్లవాడు మాట కోసం తడబడితే జవాబు చెప్పేయకుండా, మొదటి అక్షరం అందిస్తే చాలు.

అయితే అసలు అర్థమే మనసులో లేకపోతే? సంగారెడ్డి పక్కనున్న ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్లలో ఇప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇదే. పటాన్‌చెరులో 1972లో వెలసిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జొన్న, కంది, శనగల మీద నేటికీ పరిశోధన చేస్తోంది. కానీ ఆ జొన్నలు విసిరిన రాయి చాలా ఇళ్లలో మూలకు చేరింది. పిండి గిర్నీ నుంచి వస్తోంది. రాయి తిరగడం చూడని పాపకు పై శాత్రం ఎంత విడమరిచినా, అది మాటల పోగుగానే మిగులుతుంది. తప్పు ఆమె తెలివిది కాదు. వెతకడానికి లోపల వస్తువు లేదు. ముందు రాయిని చూపించాలి, చేత్తో తిప్పనివ్వాలి. శాత్రం ఆ తర్వాత వేయాలి.

వస్తువు నుంచి మాటకు వెళ్లే ఈ దారిని భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పెద్ద ఎత్తున వాడారు. ఆయన సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం కోసం జిల్లాలు తిరిగి రైతులను అడిగి పదాలు సేకరించారు. దున్నేవాడు పట్టుకునే నాగలి పిడిని ఏమంటారు? మేడి. నేలను చీల్చే ఇనుప ముక్కను? కర్రు. ఇలా అడిగితే ఒకే వస్తువుకు ప్రాంతానికో పేరు బయటపడుతుంది. ఒకచోట ఉల్లిపాయ అంటే ఇంకోచోట ఉల్లిగడ్డ అంటారు. రెండూ సరైన జవాబులే.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనికి బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ల పిల్లలూ ఆ చుట్టుపక్కల బడుల్లో కూర్చుంటారు. ఇసుర్రాయి శాత్రానికి హిందీ ఇంటి పిల్లవాడు "చక్కీ" అంటే, వాడు వస్తువును పట్టేశాడు. శాత్రాన్ని ఇప్పేశాడు. టీచర్ అవునని, ఆ వెంటనే ఇసుర్రాయి అనే మాట చెబితే, వాడి దగ్గర ఆ రాయికి ఇప్పుడు రెండు పేర్లుంటాయి.