పరిగ గింజల క్రిస్మస్

అమెరికాలో థాంక్స్‌గివింగ్ దాటిందంటే మన ఇళ్ళ గుమ్మాల ముందు అట్టపెట్టెలు గుట్టలు పడతాయి. సండే స్కూల్ టీచరుకి ఏమివ్వాలి, సీక్రెట్ శాంటాలో పేరు వచ్చిన స్నేహితుడికి ఏమివ్వాలి అన్నది పిల్లలే తేలుస్తారు. డబ్బు మాత్రం నాన్న కార్డులోంచి పోతుంది. క్రిస్మస్ జ్ఞాపకాలు రాయమని అడిగినప్పుడు నా మనసులో ముందుగా మెదిలిన బెంగ ఇదే.

కృష్ణా డెల్టాలో క్రిస్మస్ వరికోతల రోజుల్లో వస్తుంది. ఒకప్పుడు పనలు ఎత్తి కుప్ప వేశాక చేలో రాలిన వెన్నులు పిల్లలవి. సెలవురోజు తెల్లారగానే గోనెసంచి పట్టుకుని పరిగకు బయల్దేరేవారు. అరికాళ్ళకు వరికొయ్యలు గుచ్చుకునేవి, మంచుకు తడిసిన గడ్డి పిక్కలకు దురదపెట్టేది. రూతు పరిగ ఏరుకున్న కథ ఆదివారం బడిలో చెబితే ఆ పిల్లలకు వేరే వివరణ అక్కర్లేకపోయేది. ఏరినవి చాపమీద కాళ్ళతో నలిపి, చేటతో చెరిగి, కొట్లో కొలిస్తే నాలుగు రూపాయలు చేతిలో పడేవి. అక్కడే జీళ్ళ సీసా కనిపిస్తుంటే చూపు తిప్పుకుని ఇంటికొచ్చి, ఆ డబ్బు మట్టిముంతలో వేయడం మాత్రం పరిగ ఏరడం కన్నా కష్టం.

పండగ దగ్గరపడ్డాక ముంత పగిలేది. అమ్మకు గాజులు, నాయనమ్మకు వక్కపొడి పొట్లం, మిగిలింది చర్చి కానుక కవరులోకి. కొత్తబట్టలు ఎలాగూ నాన్నే కుట్టించేవాడు. గాజులు మాత్రం పిల్లల సొంత సంపాదన. అమ్మ వాటిని వీధంతా చూపించుకునేది.

పెద్దలదీ అదే పద్ధతి. ఎసట్లో బియ్యం పోసేముందు చర్చి కోసం పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. ఆడవాళ్ళు పండగకు చేతికొచ్చేలా చీటీ కట్టేవారు.

ఇప్పుడు డెల్టాలోనూ కోతయంత్రాలు తిరుగుతున్నాయి, పరిగ ఏరే పిల్లలు కనబడరు. కాబట్టి అమెరికాయే మన పిల్లల్ని చెడగొట్టిందని తిట్టుకుని లాభం లేదు. పైసా పైసా కూడబెట్టడం ఈ దేశానికీ కొత్త కాదు. 1909లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ పట్టణంలో, కార్లైల్ ట్రస్ట్ కంపెనీ కోశాధికారి మెర్కెల్ లాండిస్ క్రిస్మస్ క్లబ్ ఖాతా మొదలుపెట్టాడు. వారం వారం కొద్దికొద్దిగా కట్టి, పండగ ముందు ఒక్కసారే తీసుకోవడం. పాట ఒక్కటే లేదు గానీ, మన పండగ చీటీకి దగ్గర చుట్టమే. చాలా క్రెడిట్ యూనియన్లలో ఆ ఖాతా ఇప్పటికీ దొరుకుతుంది.

ముఖం చూసి నమ్మి వాట్సాప్ గ్రూపుల్లో చీటీలు వేసే మనవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో జనం క్రిస్మస్ కోసం ఏడాది పొడవునా డబ్బు కట్టిన ఫేర్‌ప్యాక్ సంస్థ 2006 అక్టోబరులో కుప్పకూలింది. లక్షమందికి పైగా పండగ డబ్బు ఇరుక్కుపోయింది. ఫెడరల్ బీమా ఉన్న క్రెడిట్ యూనియన్లో అయితే 2,50,000 డాలర్ల వరకు భయం లేదు.

ఇక సంపాదన. ఇక్కడ పరిగ లేకపోయినా అక్టోబరులో ఆకులు రాలతాయి, చలిప్రాంతాల్లో మంచు పడుతుంది. పక్కింటి ముసలాయన వాకిట్లో మంచు తీసిపెట్టి పది డాలర్లు తెచ్చుకున్న పిల్లాడు వాటిని ఖర్చు చేసేముందు ఎంత లెక్క వేస్తాడో చూసినవాళ్ళకే తెలుస్తుంది. అయితే అందరికీ ఆ వీలుండదు. హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్ళు, పిల్లలైనా సరే, పని అనుమతి లేకుండా డబ్బుకు పనిచేయకూడదు. 2015 నుంచి హెచ్-4 భార్యాభర్తల్లో కొందరికే ఆ అనుమతికి దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది. అది చేతికొచ్చిన అమ్మలు కూడా కేకులు, అరిసెలు అమ్మే ముందు తమ రాష్ట్రంలో ఇంటివంట అమ్మకాల నిబంధనలు చూసుకోవాలి. హెచ్-4 పిల్లలకు పొదుపు ఒక్కటే దారి. పుట్టినరోజుకు తాతయ్య ఇచ్చిన డబ్బులో కొంత డిసెంబరుకని దాచినా చాలు.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం పిల్లలతోనే ఒక డబ్బా పెట్టించండి. ఎవరికి ఏమివ్వాలనుకుంటున్నారో వాళ్ళచేతే రాయించి దానిమీద అంటించండి, తెలుగులో రాస్తే మరీ మంచిది. డిసెంబరులో డబ్బు తక్కువపడినా మీ కార్డు మాత్రం బయటికి తీయకండి.