పైపు తంబాకులో తడి ఎంత ఉండాలి? కొనేముందు, ఆరబెట్టేముందు తెలుసుకోండి

పైపు తాగేవాళ్లు మన ఇళ్లలో ఇప్పుడు తక్కువే. అయినా దుబాయ్ నుంచో జిద్దా నుంచో సెలవు మీద వచ్చే అల్లుడు మామగారి కోసం ఒక డబ్బా తేవడం ఇంకా ఉంది. అమీర్‌పేట, పంజాగుట్ట వైపు పనిమీద వెళ్లినప్పుడు ఒక పౌచ్ కొనుక్కొచ్చే పెద్దలూ ఉన్నారు. డబ్బా తెరిచిన రోజే ఫిర్యాదు మొదలవుతుంది. వెలిగించిన రెండు నిమిషాలకే ఆరిపోతోంది, లోపల గుడగుడమంటోంది, నాలుక మండుతోంది. ‘నకిలీ సరుకు అంటగట్టారు’ అని నింద దుకాణం మీదో అల్లుడి మీదో పడుతుంది. చాలాసార్లు సరుకు బాగానే ఉంటుంది. అందులో నీళ్లు ఎక్కువ, అంతే.

ముందే ఒక మాట చెప్పాలి. తంబాకును ఎంత బాగా ఆరబెట్టినా దాని హాని ఒక్క పైసా తగ్గదు. పొగ లోపలికి పీల్చకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు ఉండనే ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం రాసింది కాదు ఇది. ఇప్పటికే తాగేవాళ్లు, వాళ్లతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు చదువుకోవాల్సింది.

అసలు డబ్బాలో అంత తడి ఎందుకు? ఎండిన ఆకును కోస్తే పొడైపోతుంది. అందుకే ఫ్యాక్టరీలో ఆకును తడిపి, మెత్తబడ్డాక కోస్తారు. చాలా రకాలకు చక్కెర పాకం, సువాసనలు పట్టిస్తారు. ఆ తడి నెలల తరబడి నిలవాలని కొందరు ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం కూడా కలుపుతారు. ఇది తేమను పట్టి ఉంచుతుంది. దుకాణంలో అలమార మీద ఎన్నాళ్లున్నా ఎండిపోకూడదన్నది కంపెనీ లెక్క. తాగేవాడి లెక్క వేరు. మామూలుగా డబ్బాలో 18 నుంచి 20 శాతం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తేమ ఉంటుంది. సాఫీగా కాలడానికి 12 నుంచి 14 శాతం ఉంటే చాలు.

డబ్బుల్లో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 20 శాతం తేమ ఉన్న 50 గ్రాముల డబ్బాలో 10 గ్రాములు నీళ్లే. దాన్ని 13 శాతానికి తెస్తే 46 గ్రాములు మిగులుతుంది. వంటింటి డిజిటల్ కాటా ఉంటే ఈ లెక్క ఇంట్లోనే చూసుకోవచ్చు. 10 గ్రాములు తూచి ఆరబెట్టండి, 9.2 దగ్గరికి రాగానే ఆపేయండి. కాటా మీద నేరుగా పోయొద్దు, కాగితం వేసి తూచండి. అదే కాటా మీద రేపు పిండి తూస్తారు కదా.

సిగరెట్ తాగేవాళ్లకు ఈ తిప్పలు తెలియవు. 1930లో మన హైదరాబాద్‌లో మొదలై చార్మినార్ సిగరెట్‌తో పేరు తెచ్చుకున్న వజీర్ సుల్తాన్ కంపెనీ లాంటి చోట్ల తేమ సరిచూడటమంతా ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. పైపు విషయంలో ఆ పని కొన్నవాడి నెత్తిన పడుతుంది.

ఈ తేమ సంగతి మన రైతులకు కొత్తేం కాదు. దీనికి తెలుగులో చక్కని మాటే ఉంది: పదును. ప్రకాశం జిల్లాలోనో ఉమ్మడి పశ్చిమ గోదావరిలోనో వర్జీనియా పొగాకు పండించే రైతును అడగండి. బ్యారన్‌లో అయిదారు రోజులు మంటపెట్టి ఆకును ఆరబెడతారు. చివరికి వేడి 70 డిగ్రీల దాకా వెళ్తుంది. అప్పుడు ఆకు అప్పడంలా ఉంటుంది, ముట్టుకుంటే విరిగిపోతుంది. అందుకే వెంటనే దించరు. తలుపులు తీసి, బయటి చల్లగాలికి ఆకు కాస్త తేమ పీల్చుకుని మెత్తబడేదాకా ఆగుతారు. పదునుకు వచ్చిందంటే అదే. తర్వాత మండెలు వేసి, మధ్యమధ్య తిరగేస్తూ, గ్రేడు చేసి బేళ్లు కడతారు. గుంటూరు కేంద్రంగా 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లో ఆ బేళ్లు అమ్ముడవుతాయి. తడి ఎక్కువున్న బేలు బరువు తూగుతుంది నిజమే, కానీ లోపల వేడెక్కి బూజు పడుతుంది. కొనేవాడు బేలులో చెయ్యి పెట్టి చూసేది అందుకే. ఆ చెయ్యి చేసే పనే మీ వేళ్లు డబ్బా దగ్గర చేయాలి.

ఎలాగంటే, చిటికెడు తంబాకు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి వదలండి. ముద్దలా అలాగే ఉండిపోతే తడి ఎక్కువ. పొడైతే ఎండిపోయింది. నొక్కినప్పుడు దగ్గరకొచ్చి, వదలగానే మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. చెంపకు ఆనించి చూస్తే చల్లగా తగులుతోందంటే ఇంకా నీళ్లున్నాయి. సువాసనలు ఎక్కువ పట్టించిన రకాల దగ్గర మాత్రం ఈ పరీక్ష మోసం చేస్తుంది. పాకం వల్ల, గ్లైకాల్ వల్ల అవి ఎంత ఆరినా వేలికి జిగురుగానే తగులుతాయి. వాటిని ఓ గంట ఆరబెట్టి, కొంచెం కాల్చి చూడటం తప్ప దారి లేదు.

తడి తంబాకు నాలుకను ఎందుకు కాలుస్తుంది? నిప్పు వేడిలో కొంత నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. ఆరిపోతోందని మనిషి ఇంకా గట్టిగా పీలుస్తాడు. ఆ వేడి ఆవిరి నేరుగా నాలుక మీదికి వస్తుంది. కొంత ఆవిరి పైపు గొట్టంలోనే నీరై గుడగుడమంటుంది. ఆరబెట్టిన తంబాకుతో ఈ మంట తగ్గాలి. తగ్గకపోతే, నోట్లో తెల్లమచ్చో ఎర్రమచ్చో పుండో రెండు వారాలు దాటినా మానకపోతే, తంబాకును తప్పుపడుతూ కూర్చోకండి. పంజాగుట్టలోనే నిమ్స్ ఉంది, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చూపించుకోవాలి. మానేయాలనుకునేవాళ్లకు 1800-11-2356 నంబరులో ఉచితంగా సలహా ఇస్తారు.

ఇక ఆరబెట్టడం. ఆ పూటకు కావాల్సినంతే తీసి, స్టీలు పళ్లెంలోనో తెల్లకాగితం మీదో పలచగా పరచండి. అచ్చు సిరా ఉన్న న్యూస్ పేపరు వద్దు. సన్నపోగులుగా కోసిన రకమైతే అరగంట సరిపోతుంది. పలకల్లా అతుక్కుని ఉండే ఫ్లేక్ రకాన్ని ముందు వేళ్లతో విడదీసి, గంట నుంచి రెండు గంటలు ఉంచాలి. ఇది మామూలు రోజుల లెక్క. హైదరాబాద్ మే నెల మధ్యాహ్నం గాలిలో తేమే ఉండదు. ఇరవై నిమిషాలు మరిచిపోతే చాలు, గరగరమంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా కథ తిరగబడుతుంది. ముసురు పట్టిన రోజు గాలిలో తేమ 80 శాతం దాటితే పరచిన తంబాకు ఆరడం అటుంచి ఇంకా తడి పీలుస్తుంది. ఫ్యాను వేసినా లాభం లేదు, ఫ్యాను తిప్పేది ఆ తడిగాలినే కదా. ఏసీ ఉన్న గదిలో అయితే ఆరుతుంది, ఎందుకంటే ఏసీ గాలిలోని నీటిని లాగేస్తుంది.

మిరపకాయల్లా, వడియాల్లా డాబా మీద ఎండలో పోయడం మంచిది కాదు. వాసన ఎగిరిపోతుంది, పైపైన ఎండి లోపల తడి అలాగే ఉంటుంది. పెనం, మైక్రోవేవ్ అసలే వద్దు, ఆవి రోటీలకూ అన్నానికీ.

చిన్నపిల్లలున్న ఇంట్లో పళ్లెం ఎక్కడ పెడుతున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. పాకుతూ వచ్చే పిల్లవాడు చిటికెడు నోట్లో వేసుకున్నా నికోటిన్ విషం ఎక్కుతుంది. వాంతులు, మత్తు కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. వానలో తడిసిన పొగాకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులయ్యేది దీనివల్లే. తంబాకు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

హుక్కా తంబాకుకు ఇదేదీ వర్తించదు. బెల్లం పాకంతో నూరిన ఆ ముద్దను నిప్పుతో నేరుగా కాల్చరు, పైన బొగ్గు పెట్టి వేడి చేస్తారు. అందుకే అది తడిగానే ఉండాలి. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ హుక్కా పార్లర్లను నిషేధించిందని కుర్రాళ్లకు గుర్తుచేయండి.

కొనేటప్పుడు సీలు చూడండి, తయారీ తేదీ చూడండి. ప్యాకెట్‌కు రెండు వైపులా 85 శాతం మేర ఆరోగ్య హెచ్చరిక బొమ్మ లేదంటే అది దొడ్డిదారిన వచ్చిన సరుకు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్‌కు వచ్చిన పిల్లలే ఎక్కువ. 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మడం, విద్యాసంస్థలకు వంద గజాల్లోపు అమ్మడం చట్టరీత్యా నేరం. తాతగారి కోసమని చెప్పి మనవడిని దుకాణానికి పంపొద్దు. డబ్బీలోంచి విడిగా తూచి ఇచ్చేది కొనొద్దు, అది ఎన్ని చేతులు, ఎన్ని వానలు చూసిందో తెలియదు. ఊపితే లోపల ముద్ద దొర్లినట్టున్న పౌచ్‌ను కూడా వదిలేయండి.

తెరిచిన తంబాకు గట్టి మూత ఉన్న చిన్న గాజు సీసాలో, సీసా నిండుగా ఉండేలా పెట్టాలి. ఫ్రిజ్‌లో వద్దు, తీసినప్పుడల్లా నీరు పడుతుంది. ఎండిపోతే నీళ్లు చిలకరించకుండా, గిన్నె మీద పిండిన తడిగుడ్డ కప్పి ఓ గంట ఉంచండి. ఆపిల్ ముక్క, బంగాళాదుంప ముక్క వేసే అలవాటు కొందరికి ఉంది, బూజు అక్కడే పుడుతుంది. తెల్లని నూగు కనిపించినా, ముక్కవాసన వచ్చినా ఆ భాగం తీసేసి మిగతాది తాగుదామనుకోవద్దు. సీసా మొత్తం పారబోసి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి.